అప్‌డేట్: పెరటి బెండకాయ వేపుడు, ఇప్పుడు జిగురు లేదు

అప్పుడే కోసిన బెండకాయలు కూడా మూకుడులో జిగురు పట్టి ముద్దవుతున్నాయని అడిగాను కదా. మీరందరూ చెప్పినట్టే అసలు కారణం తడి. బెండ జిగురు నీళ్లు తగిలితే సాగుతుంది. అందుకే ముందు కడిగి, ఒక్కో కాయనీ పొడిగుడ్డతో తుడిచి, గంటసేపు ఆరనిచ్చి, ఆ తర్వాతే కోయాలి. కత్తీ పీటా కూడా పొడిగానే ఉండాలి.

అరకిలో ముక్కలకు మూడు పెద్ద చెంచాల నూనె, వెడల్పాటి మూకుడు. ముక్కలు అరంగుళం మందం. మరీ సన్నగా తరిగితే జిగురు ఎక్కువ బయటికొస్తుంది. మూత అస్సలు పెట్టొద్దు, ఆవిరి మళ్లీ నీరై ముక్కల మీదే పడుతుంది. నాలుగైదు నిమిషాలకోసారి అట్లకాడతో అడుగు నుంచి తిప్పితే చాలు. పావుగంటకు జిగురు దారాలు ఆరిపోయి అంచులు ఎర్రబడతాయి. ఉప్పు, కారం, దంచిన వెల్లుల్లి అప్పుడే. ఉప్పు ముందు వేస్తే నీరూరి మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకా సాగుతుంటే చెంచాడు నిమ్మరసం నిజంగా పనిచేస్తుంది.

కాయ వేలెడంత ఉన్నప్పుడే, రోజు విడిచి రోజు కోయండి. కొస టక్కున విరగాలి, వంగితే ముదిరినట్టే. ముదురువి విత్తనానికి వదిలేయడమే మేలు.