ఆకలి తగ్గాలంటే తిండి పంచాలా, పల్లెల్లో సంపాదన పెంచాలా?

పొలంగట్టు:
ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలో సుమారు 67 కోట్ల మంది చాలినంత తిండి లేకుండా గడిపారు. 2030 నాటికి ఆకలి అన్నదే ఉండకూడదని దేశాలన్నీ 2015లో ఒప్పుకున్నాయి. నా వాదన ఇది: ఉచితంగా తిండి పంచే డబ్బును రోడ్లకు, సాగునీటికి, గోదాములకు మళ్లించాలి. పంచినన్నాళ్లూ తింటారు, ఆపిన రోజు మళ్లీ పస్తే. మీరేమంటారు?

చిరుజల్లు:
నేను ఒప్పుకోనండి. మీ రోడ్డు పూర్తయ్యేసరికి ఏళ్లు పడుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు తిండి చాలకపోతే ఎదుగుదలకు తగిలే దెబ్బ తర్వాత ఎంత పెట్టినా పూర్తిగా పూడదు. ఆ పిల్లల్ని ఆగమని ఎలా చెబుతాం?

గింజమూట:
ఆకలితో ఉన్నవాళ్లలో ఎక్కువమంది పల్లెల్లోనే ఉన్నారు, వాళ్లలో చాలామంది పంట పండించేవాళ్లే. పండించే ఇంట్లో పస్తు ఎందుకుంటోంది? మనం ముందు ఇది మాట్లాడుకోవాలి.

కోత అవగానే అప్పిచ్చినవాడు గుమ్మంలో ఉంటాడు. గింజ దాచుకోవడానికి చోటుండదు, ఉన్నా పురుగు పడుతుంది. ఊరంతా ఒకేసారి అమ్మడంతో ధర పడిపోతుంది. కొన్ని నెలలకు ఇంట్లో గింజలు నిండుకుంటాయి. తను చవగ్గా అమ్ముకున్న పంటనే ఎక్కువ ధర పెట్టి కొనుక్కోవాలి. సరిగ్గా అప్పుడే పొలంలో పని ఎక్కువ, ఒంట్లో శక్తి తక్కువ. సొంత చేను వదిలి వేరేవాళ్ల చేలో కూలికి పోతాడు, దాంతో వచ్చే ఏడు పంట కూడా దెబ్బతింటుంది. ఆకలి ఏడాదంతా ఒకేలా ఉండదు, కోతకు ముందు నెలల్లోనే బిగుసుకుంటుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ చక్రమే.

దీన్ని తెంచే దారులున్నాయి. నైజర్‌లో రైతు సంఘాలు పంటను గోదాములో పెట్టి, దాని మీద అప్పు తెచ్చుకుని, ధర పెరిగాక అమ్ముతున్నాయి. కామెరూన్ అలసంద రైతుల కోసం 1980ల చివర్లో గాలి చొరబడని మూడు పొరల సంచులు రూపొందించారు. లోపల గాలి అందక పురుగు చచ్చిపోతుంది, మందు చల్లే పనే లేదు. ఇంత చిన్న వస్తువు ఒక కుటుంబానికి కొన్ని నెలల తిండి మిగల్చగలదు.

పొలంగట్టు:
అయితే నేనన్నదే కదండీ. గోదాములు కట్టాలి, పంచడం తగ్గించాలి.

గింజమూట:
సగమే మీ మాట. బ్రెజిల్ 2009లో చేసిన చట్టం చూడండి: బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల దగ్గర కొనడానికే ఖర్చు పెట్టాలని అప్పుడు నియమం పెట్టారు. పిల్లల పళ్లెంలోకి వెళ్లే తిండే రైతుకు అమ్మకం. పంచడం ఆపితే ఆ కొనుగోలూ పోతుంది. బయటి నుంచి ఓడల్లో తెచ్చి కోత సమయంలో పంచితే మాత్రం స్థానిక ధర పడిపోయే ప్రమాదముంది, అక్కడ మీ భయం న్యాయమే.

పచ్చికబయలు:
అమ్ముకోవడానికి గింజే లేని భూమిలేని కూలీల మాటేమిటి? 1943 బెంగాల్ కరువులో తిండి ధర కూలి డబ్బులకు అందనంత పెరిగింది. పల్లె కూలీలు, చేపలు పట్టేవాళ్లు ఎక్కువగా చనిపోయారు. దేశంలో ఎంత తిండి ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదని, ఎవరి చేతికి అందుతోందో చూడాలని అమర్త్య సేన్ 1981లో వివరించారు. వాళ్లకు గోదాము ఏం చేస్తుంది?

గింజమూట:
మీరడిగింది నేను ముందే చెప్పాల్సింది. వాళ్లకు పని కావాలి, అదీ ఆ కష్టపు నెలల్లోనే. ఇథియోపియా 2005లో మొదలుపెట్టిన పథకంలో కూలీలు గట్లు వేస్తారు, చెరువులు, రోడ్ల పనులు చేస్తారు, బదులుగా డబ్బో తిండో ఇస్తారు. పని చేయలేని ముసలివాళ్లకు, గర్భిణులకు ఊరికే ఇస్తారు.

చిరుజల్లు:
డబ్బు ఆలస్యమైతే అదీ వృథానేనండి. కోతయ్యాక చేతికొచ్చిన కూలి, కోతకు ముందు పస్తును తీర్చదు.

పొలంగట్టు:
మొత్తం మళ్లించాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఇలా వేసిన మట్టిరోడ్డు, తవ్విన చెరువు రెండు వానలకు పాడైతే బాగుచేయించేది ఎవరు? దానికి విడిగా డబ్బు కేటాయించనంతవరకూ నేను పూర్తిగా ఒప్పుకోలేను. దీని గురించి తెలిసినవాళ్లు రాయండి.