మా విచారణ (పారిష్) గుడి: కూల్చి కట్టాలా, బాగుచేయించుకోవాలా?

పల్నాటిబిడ్డ:
మా ఊరి ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) గుడి 1956లో కట్టింది. గానుగ సున్నంతో పేర్చిన రెండడుగుల రాతి గోడలు, టేకు దూలాల మీద మంగుళూరు పెంకులు, కింద మాచర్ల నాపరాళ్లు, మొనదేలిన తోరణాల కిటికీలు, ముందు గోడ మీద చిన్న గంట. అంతే, ఇంకే ఆడంబరమూ లేదు. విచారణ కమిటీ దీన్ని కూల్చి, స్లాబు వేసి, రెండు ఎత్తైన గోపురాలతో కొత్తది కడదామంటోంది. నాకు మనసొప్పడం లేదు. చిన్నప్పటి జ్ఞాపకాల కోసం కాదు. రెంటచింతల వైపు ఎండలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, మే నెలలో కూడా ఆ గుడిలో అడుగుపెడితే ఒళ్లు చల్లబడుతుంది. పగటి వేడి ఆ గోడ దాటేసరికి పొద్దు వాలుతుంది. వేడిగాలి పైకెక్కి పెంకుల సందుల్లోంచి పోతుంది. పక్క ఊళ్లో స్లాబు గుడి కట్టారు, ఎనిమిది ఫ్యాన్లు తిరుగుతున్నా పది గంటల పూజలో పిల్లలు కూర్చోలేకపోతున్నారు. మీరేమంటారు?

సివిల్_హైద్:
తమ్ముడూ, చల్లదనం సంగతి ఒప్పుకుంటా. కానీ దూలాలకు చెద పట్టి ఉంటే? దాని కింద మూడొందలమందిని కూర్చోబెట్టే బాధ్యత ఎవరిది? క్రిస్మస్ రాత్రి సగం జనం బయట పందిట్లోనే కదా. పైగా ఆ మొనదేలిన కిటికీలు ఐరోపా గుళ్లను చూసి పెట్టినవి. డోర్నకల్ కతీడ్రల్ (బిషప్పుగారి పెద్ద గుడి) చూడు, 1939లో ప్రతిష్ఠించారు. గుమ్మటాలూ, మన ఆలయాల పోలికలో స్తంభాలూ. కాపాడుకోవాలంటే అలాంటివి కాపాడుకోవాలి.

ఖమ్మంఅక్క:
డోర్నకల్ మాకు దగ్గరే, ఎన్నోసార్లు చూశాను. అజరయ్య బిషప్పుగారు ఏళ్ల తరబడి పట్టుబట్టి కట్టించిన గుడి అది. దానితో పల్లె గుడికి పోటీ పెట్టడం న్యాయం కాదు. నమూనా ఎక్కడిదైనా, ఆ తోరణం రాళ్లు చెక్కి నిలబెట్టింది మన మేస్త్రులే. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా: బాగుచేయించేటప్పుడు సున్నం గోడకు సిమెంటు పూయనివ్వకండి. మా పుట్టింటి ఊళ్లో అదే చేశారు. గోడలోని తేమ బయటికి పోయే దారి లేక నాలుగేళ్లకే పూత పెచ్చులూడింది. అప్పుడు "గోడ పాతదైపోయింది" అని గుడినే పడగొట్టారు. ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

లండన్‌తెలుగు:
ఇక్కడ తూర్పు లండన్‌లో బో కామన్ సెయింట్ పాల్ అని ఒక పేట గుడి ఉంది. పాతది 1941లో బాంబులకు పోతే, 1960 నాటికి రాబర్ట్ మగ్వైర్, కీత్ మర్రీ కొత్తది కట్టారు. మామూలు ఇటుక గోడలు, నేలకు ఫుట్‌పాత్ మీద పరిచే కాంక్రీటు పలకలు. బలిపీఠం మాత్రం దాదాపు నడిమధ్యన, పైనుంచి వెలుగు పడేలా పెట్టారు. జనం చుట్టూ చేరతారు. 2013లో బ్రిటన్‌లోకెల్లా మేలైన ఆధునిక చర్చిగా దాన్ని ఎంపిక చేశారు. కాబట్టి సాదా సరుకుతో కట్టారని ఏ గుడినీ తీసిపారేయకూడదు. అలాగని కొత్తది కట్టడమే తప్పని కూడా నేననను. వాళ్లు ముందు జనం ఎక్కడ నిలబడాలో ఆలోచించారు. మీ కమిటీ గోపురం ఎత్తు దగ్గర మొదలుపెట్టింది. నాకు నచ్చనిది అది.

పల్నాటిబిడ్డ:
అన్నా, మీ మాటతో ఒకటి గుర్తొచ్చింది. మా గుడి కట్టినప్పుడు బలిపీఠం వెనక గోడకు ఆనుకుని ఉండేది. గురువు (ఫాదర్) ఆ బలిపీఠం వైపు తిరిగి లాటిన్‌లో పూజ చేసేవారు. రెండో వాటికన్ సభ (కాథలిక్ బిషప్పుల మహాసభ) 1963లో ఆరాధన గురించి తీర్మానించాక పూజ తెలుగులోకి వచ్చింది, పీఠం ముందుకు జరిగింది, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకునేచోటి కటకటాలు తీసేశారు. ఆ ఊచలు పాతిన గుంటలు ఇప్పటికీ నాపరాళ్ల మీద కనబడతాయి. అంత పెద్ద మార్పును గోడ కదపకుండానే ఇముడ్చుకున్న గుడి, జనం పెరిగారంటే పక్కన రెండు వసారాలను ఇముడ్చుకోలేదా?

సివిల్_హైద్:
వసారాల ఆలోచన బాగుంది. అయితే పెంకులు దింపి, ఒక్కో దూలాన్నీ ఉలితో గుచ్చి చూపించాకే కమిటీ ముందుకు వెళ్లు. గోడ మీద ఆనే కొసలే ముందు పుచ్చుతాయి. ఆ కొసల వరకు కోసి అతుకు వేయొచ్చు. మొత్తం పుచ్చిపోయి ఉంటే మాత్రం నీ పక్షాన మాట్లాడలేను.

పల్నాటిబిడ్డ:
సరే అన్నా, ఈ వారమే వడ్రంగిని ఎక్కిస్తా. పిడుగురాళ్లలో సున్నానికి కొదవ లేదు గానీ, గానుగ పట్టి పూత వేయడం తెలిసిన మేస్త్రి మా చుట్టుపక్కల దొరకడం లేదు. ఎవరికైనా తెలిస్తే వచ్చే ఆదివారం మీటింగులోపు చెప్పండి.