కాలనీ అనే మాటకీ నాగలికీ సంబంధం ఏంటి?

ఒక డౌట్ అండీ, ఇంటి అడ్రస్‌లో టీచర్స్ కాలనీ అని రాస్తాం, చరిత్రలో బ్రిటిష్ కాలనీ అని చదివాం, ఈ రెండూ ఒకటే మాటా?

— ఒకటేనండీ. మనకి ఇంగ్లీషు నుంచి వచ్చింది, దాని మూలం లాటిన్ కొలోనియా. కొలోనుస్ అంటే పొలం దున్నుకునేవాడు, రోమన్లు అలాంటివాళ్ళని తీసుకెళ్ళి దింపిన ఊరు కొలోనియా. ఆ ఊళ్ళు సొంతంగా కొట్టించుకున్న నాణేలు చూస్తే తెలిసిపోతుంది, స్పెయిన్‌లో ఎమెరీటా, సీజరాగస్టా అంటే ఇప్పటి సరగోసా, అటు చివర లెబనాన్‌లో బేరూత్ అంటే బీరూట్, ఎంత దూరందూరంగా ఉన్నా బొమ్మ ఒకటే: ముసుగేసుకున్న పూజారి మేడి పట్టుకుని నాగలి తోలుతుంటాడు.

— ఓహో, మన ఏరువాకే కదా!

— కాదండీ, ఇది పంటకి కాదు, ఊరి గోడ ఎక్కడ రావాలో ఆ చాలు గీయడానికి. కాడికి ఆవునీ ఎద్దునీ కడతారు, ఆవు ఊరి వైపు, ద్వారం రావాల్సిన చోట నాగలి పైకెత్తేస్తారు. ఇక అక్కడ దిగేది చాలాచోట్ల రిటైరైన సైనికులు, సర్వీసుకి బదులు భూమి అన్నమాట. అందుకే సరగోసా నాణేల మీద సైన్యం జెండాలూ 4, 6, 10 దళాల నంబర్లూ ఉంటాయి. క్రీ.పూ. 25లో పెట్టిన ఎమెరీటాకి పేరే అలా వచ్చింది, ఎమెరిటస్ ప్రొఫెసర్ అంటాం చూడండి, ఆ మాటే, సర్వీసు పూర్తిచేసినవాడు.

— కొరింథ్ కూడా కొలోనియానే, క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ పెట్టింది. అక్కడికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది విడుదలైన బానిసలు. గ్రీకు దేశం నడిబొడ్డున ఉండి నాణెం మీద రాత లాటిన్, బొమ్మలేమో రెక్కల గుర్రం పెగాసస్ లాంటి పాత గ్రీకు కథలవి. నాకైతే నాగలి బొమ్మ కంటే ఇదే ఇంట్రెస్టింగ్, కొత్తగా దిగినవాళ్ళు పాత ఊరి కథల్ని తమవి చేసేసుకున్నారు.

— మరి అంతకుముందు ఆ పొలాలు దున్నుకున్నవాళ్ళు?

— వాళ్ళు నాణెం మీద ఎందుకుంటారండీ, కొట్టించింది కొత్త ఊరి పెద్దలు కదా. ఆ సంగతి వేరే చోట వెతుక్కోవాలి. బ్రిటన్‌లో కాములోడునుమ్, ఇప్పటి కోల్చెస్టర్, క్రీ.శ. 49లో అక్కడ దించిన మాజీ సైనికులు స్థానికుల్ని ఇళ్ళలోంచీ పొలాల్లోంచీ గెంటేశారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. పన్నెండేళ్ళు తిరక్కముందే అక్కడి రాణి బౌడికా తిరుగుబాటు వచ్చింది, ముందు తగలబెట్టింది ఆ కొలోనియానే.