కంపాలా నుంచి కిబాలే: అమ్మానాన్నలకు చింపాంజీలను చూపించాలంటే?

అందరికీ నమస్తే. నేను ఉగాండా రాజధాని కంపాలా వచ్చి నాలుగు నెలలైంది. నాకు వర్క్ పర్మిట్, మా ఆవిడకు డిపెండెంట్ పాస్ వచ్చేశాయి. డిసెంబరు చివర్లో అమ్మానాన్నలు కరీంనగర్ నుంచి వస్తున్నారు. చింపాంజీలుండే కిబాలే పార్కు అడవికి తీసుకెళ్దామని అనుకుంటున్నాం. బాబుకు ఏడేళ్ళు. నాన్నకు 66, మోకాలు కాస్త ఇబ్బంది పెడుతుంది. ఒక ఏజెంటు మనిషికి ఇంతని మొత్తంగా చెప్పాడు, అందులో దేనికెంతో అర్థం కాలేదు. వెళ్ళొచ్చినవాళ్ళు కొంచెం చెప్పగలరా?
– బుగోలోబి నుంచి, కొత్తవాణ్ణి

*

తమ్ముడూ, ముందు బాబు సంగతి తేల్చుకో. చింపాంజీ ట్రెక్కింగుకు, అంటే రేంజరు వెంట అడవిలో నడిచి వాటిని వెతికి చూడ్డానికి, 12 ఏళ్ళు నిండాలి. గేటు దగ్గర బతిమాలితే వదులుతారులే అనుకోవద్దు, వదలరు. అంటే మీ నలుగురు పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు వాడితో ఉండాల్సిందే. మేం వెళ్ళినప్పుడు చేసిన ఉపాయం చెబుతాను. ఉదయం ఒక బృందం, మధ్యాహ్నం ఇంకో బృందం లోపలికి వెళ్తాయి. పొద్దున నువ్వూ నాన్నగారూ, మధ్యాహ్నం మీ ఆవిడా అమ్మగారూ వెళ్ళేలా ట్రెక్కింగ్ పర్మిట్లు తీసుకోండి. ఎవరూ త్యాగం చెయ్యక్కర్లేదు, ఆ తర్వాత నెలరోజులు ఇంట్లో ఎత్తిపొడుపులూ ఉండవు.

ఇక లెక్క. 2024 జులైలో పెట్టిన రేటు ప్రకారం ఒక్కో ట్రెక్కింగ్ పర్మిట్‌కు విదేశీ పర్యాటకుడికి 250 డాలర్లు, ఇక్కడ నివాస అనుమతి ఉన్న విదేశీయుడికి 200. అంటే అమ్మానాన్నలకు 500, మీ ఇద్దరికీ 400. ఏజెంటు నలుగురికీ 250 వేశాడేమో చూడు. నాకు అలాగే వేశారు, అడిగితే గానీ తగ్గించలేదు. కామ్‌వోక్యాలో మ్యూజియం పక్కనే ఉగాండా వైల్డ్‌లైఫ్ అథారిటీ ఆఫీసు ఉంది. కంపాలాలోనే ఉన్నావు కదా, మీ పాసులు పట్టుకుని నువ్వే వెళ్ళి అడుగు. పార్కుకు వెళ్ళేటప్పుడు కూడా ఒరిజినల్స్ దగ్గర పెట్టుకో. డిసెంబరు, జనవరి ఎండ రోజులు, పైగా సెలవులు. హోటల్ తర్వాత చూసుకోవచ్చు, పర్మిట్ ముందు.

దారి విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని నువ్వు చెయ్యకు. పార్కు పేరు కిబాలే, స్థానికులు 'చిబాలే' అని పలుకుతారు. ఇంచుమించు అదే పేరుతో ఉత్తరాన ఒక ఊరు, జిల్లా కూడా ఉన్నాయి. ఫోన్లో పేరు కొట్టి, అది చెప్పినట్టల్లా పోయి, ముబెండే దాటాక ఎర్రమట్టి రోడ్లమీద మూడు గంటలు పోగొట్టుకున్నాను. మా ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు. నువ్వు వెళ్ళాల్సింది కన్యాంచు. ట్రెక్కింగ్ మొదలయ్యేది అక్కడే. కంపాలా నుంచి ముబెండే మీదుగా ఫోర్ట్ పోర్టల్ సుమారు 300 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి కామ్‌వెంగే రోడ్డులో ఇంకో 35. మనలాగే ఎడమవైపు నడపడం కాబట్టి అలవాటు పడతావు. కానీ చీకటి పడ్డాక వద్దు, స్పీడ్ బ్రేకర్లు కనపడవు. ముందురోజే చేరి అక్కడ పడుకోండి.

అడవిలో ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, లేకపోతే అమ్మగారు జూ అనుకుని వస్తారు. గొరిల్లాలైతే నేలమీద తాపీగా కూర్చుని ఆకులు తింటాయి. చింపాంజీలు అలా కాదు. అత్తి జాతి చెట్లు పండితే పైకెక్కి కూర్చుంటాయి. నువ్వు కింద మెడ పట్టేసేదాకా చూస్తుంటావు, పైనుంచి సగం కొరికిన పళ్ళు, ఒక్కోసారి ఇంకేవో కూడా పడతాయి. ఉన్నట్టుండి ఒకటి 'హూ... హూ...' అని మొదలుపెడుతుంది, మిగతావి అందుకుంటాయి, దిగి పరుగు తీస్తాయి. పెద్ద మగది పోతూపోతూ చెట్టు మొదట్లో గోడల్లా లేచిన వేళ్ళను కాళ్ళతో దబదబా బాదుతుంది. ఆ మోత నీ గుండెల్లో వినిపిస్తుంది. మా బృందంలో ఒకాయన కెమెరా పక్కన పడేసి అలాగే నిలబడిపోయాడు. దొరికాక చూడ్డానికి ఇచ్చేది ఒక్క గంట. దొరకడానికి అరగంట పట్టొచ్చు, నాలుగు గంటలూ పట్టొచ్చు. నాన్నగారి మోకాలు సంగతి పొద్దున మాట్లాడేటప్పుడే రేంజరుకు చెప్పు. ఒక చేతికర్ర, సామాను మోసే మనిషి ఉంటే నయం.

జలుబు ఉంటే మాత్రం దాచిపెట్టి వెళ్ళొద్దు. ఇది రూలు కోసం చెప్పే మాట కాదు. 2013లో ఇదే అడవిలో, కన్యావరా దగ్గరున్న 56 చింపాంజీల గుంపులో ఐదు చచ్చిపోయాయి. కారణం మన జలుబు కుటుంబానికి చెందిన వైరస్. మనకు నాలుగు రోజుల తుమ్ములు, వాటికి న్యుమోనియా. మాస్కు పెట్టమనేది, దూరంగా నిలబడమనేది అందుకే.

బట్టలు: చీర వద్దు, చుడీదార్ కూడా వద్దు. అందరికీ ప్యాంట్లే, వాటిని సాక్సుల్లోకి దోపుకోవాలి. సఫారీ చీమలు బారులు తీరి పోతుంటాయి, పొరపాటున అడుగు వేశావా, మోకాలిదాకా ఎక్కాకే కుట్టడం మొదలుపెడతాయి. ప్యాంటు విప్పకుండా వాటిని వదిలించుకోవడం కుదరదు. ఇంకెక్కువ అడగొద్దు.
– కొలోలో, పదకొండేళ్ళుగా ఇక్కడే

*

బాబు కోసం ఒక మాట. మీలో ఇద్దరు అడవిలో ఉన్నప్పుడు మిగతావాళ్ళు వాణ్ణి బిగోడీ తీసుకెళ్ళండి. కన్యాంచు నుంచి కొద్ది దూరమే. అదొక చిత్తడి నేల, 1992 నుంచి ఊరివాళ్ళే కాపాడుకుంటున్నారు. గైడు వెంట చెక్క వంతెనలమీద నడిస్తే ఎర్ర కోలబస్ కోతులు, పెద్ద నీలి టురాకో పిట్టలు కనిపిస్తాయి. వచ్చిన డబ్బుతో ఊరి బడి నడిపారు. మా పిల్లలకు చింపాంజీలకన్నా ఇదే నచ్చింది.

చింపాంజీనే చూడాలని వాడు పేచీ పెడితే ఎంటెబ్బే నుంచి పడవలో న్గాంబా దీవికి వెళ్ళొచ్చు. విక్టోరియా సరస్సులో ఉంది, అక్కడి చింపాంజీల ఆశ్రయం 1998లో మొదలైంది. వేటగాళ్ళ చేతినుంచి, పెంపకం పేరుతో బంధించినవాళ్ళ దగ్గరనుంచి తెచ్చిన అనాథ చింపాంజీలు ఉంటాయి. తిండి పెట్టే వేళకు వేదికమీద నిలబడి చూడొచ్చు. అడవిలో చూసినట్టు ఉండదు, అయినా ఏడేళ్ళవాడికి అది చాలు.
– ఎంటెబ్బే నుంచి ఒక అక్క

*

అన్నయ్య తిండి గురించి చెప్పడం మర్చిపోయాడు! పులిహోర కట్టుకెళ్ళండి, కానీ కారులోనే తినండి. అడవిలో డబ్బా తెరవకూడదు. రోడ్డుమీద కూడా అద్దాలు దించొద్దు, బబూన్లు కూర్చుని ఉంటాయి. మా పెరుగన్నం డబ్బా మూతతో సహా పోయింది. అమ్మానాన్నలు శాకాహారులైతే మటోకేతో పల్లీల పులుసు అడగండి, ఉడికించిన పచ్చి అరటికాయలే కాబట్టి ఇబ్బంది పడరు. కోడిగుడ్డు తినేవాళ్ళకు ప్రతి సెంటర్లో రోలెక్స్ దొరుకుతుంది, చపాతీలో ఆమ్లెట్ చుట్టి ఇస్తారు.

ఫోర్ట్ పోర్టల్‌ది తోరో రాజ్యం. అక్కడ పరిచయమైతే 'ఎంపాకో' పెడతారు, అంటే ముద్దుపేరు. నాకు అమూటి అని పెట్టారు. ఆ పేరుతో పిలవడమే వాళ్ళకు మర్యాద. కాస్త ఖాళీ ఉంటే అగ్నిపర్వత బిలాల్లోని సరస్సులు చూడండి. 20,000 షిల్లింగుల నోటుమీద ఉన్న న్యినాంబుగా సరస్సు అక్కడిదే.
– జింజా నుంచి

*

అందరికీ చాలా థాంక్స్. అక్కా, బిగోడీ ఖాయం. అన్నా, ఆ ఏజెంటు 'పర్మిట్లు అక్కడికెళ్ళాక తీసుకుందాం సార్, టెన్షన్ వద్దు' అంటున్నాడు. నమ్మొచ్చా?
– బుగోలోబి

*

వద్దు. పాస్‌పోర్టుల్లోని పేర్లతో, తేదీతో, ఉదయమో మధ్యాహ్నమో రాసి ఉన్న రసీదు నీ చేతికి వస్తేనే మిగతా డబ్బు ఇవ్వు. నాకు ఒకసారి ఉదయం అని చెప్పి మధ్యాహ్నానికి తీశారు. వర్షంలో తడుస్తూ తిరిగాం.

ఇంకోటి, దీన్ని మొదటే అడగాల్సింది. అమ్మానాన్నలు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నారా? ఆ టీకా కార్డు లేకపోతే ఎంటెబ్బే ఎయిర్‌పోర్టులో ఇబ్బంది, తిరిగి వెళ్ళేటప్పుడు మనదేశంలో ఆరు రోజులదాకా క్వారంటైన్‌లో పెడతారు. 60 దాటినవాళ్ళకు ఆ టీకా ఇచ్చేముందు డాక్టరు చూసి నిర్ణయించాలి, నేరుగా వెళ్ళి వేయించేసుకోవద్దు. మలేరియా మాత్రల గురించి కూడా అప్పుడే అడగమను. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో టీకా వేస్తారు.
– కొలోలో

*

ఇంకా వేయించలేదన్నా. ఇప్పుడే నాన్నకు ఫోన్ చేస్తున్నా.

*

చెయ్యి. వేసిన పది రోజులకు గానీ ఆ కార్డు చెల్లదు, టికెట్ తేదీ చూసుకోమను.