ముందే తెలిసినవాణ్ణి వదిలేస్తే అది నిఘా వైఫల్యం కాదా?

పాతకాపు:
2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో బాంబు పేల్చి 22 మందిని చంపిన సల్మాన్ అబేదీ బ్రిటన్ నిఘా సంస్థ ఎంఐ5కి కొత్తవాడేం కాదు. 2014లోనే అతని మీద ఫైలు తెరిచారు, మూసేశారు. దాడికి ముందు నెలల్లో రెండుసార్లు సమాచారం అందింది. ఒకటి చేతికొచ్చిన అధికారి ఆ రోజే రిపోర్టు రాయాల్సింది, రాయలేదని 2023లో విచారణ నివేదిక తేల్చింది. వాడు లిబియా నుంచి మే 18న దిగాడు. ఎయిర్‌పోర్టులో కన్నేసి వెంటపడితే పేలుడు సామాను దాచిన కారు దాకా పోయేవాళ్లు. దీన్ని ఇంకేమంటారు?

లెక్కలపంతులు:
జరిగిపోయాక అందరికీ దారి కనిపిస్తుంది. అప్పుడు ఎంఐ5 చూస్తున్నవాళ్లు 3,000 మంది, మూసిన ఫైళ్లు 20,000. ఒక్కణ్ణి రాత్రింబవళ్లు కనిపెట్టాలంటే షిఫ్టులు, బళ్లు, పెద్ద టీమే కావాలి. ఎవణ్ణి వదిలి ఎవణ్ణి పట్టుకోమంటారు?

పాతకాపు:
నేను 20,000 మంది గురించి అడగలేదు సార్. రిపోర్టు రాయడానికి ఎంతమంది కావాలి? ఒక్కడు.

లెక్కలపంతులు:
ఆ నివేదికే దాడి ఆగేదని ఖాయంగా చెప్పలేదు. అవకాశం ఉండేదంది, అంతే. ఆ ముక్క మీరు దాటేశారు.

పాతకాపు:
అవకాశం పోగొట్టుకోవడమే కదండీ వైఫల్యమంటే!

నీలాంబరి:
26/11 ఎవరికీ గుర్తు లేదా? ముంబయిలో రెక్కీ చేసిన హెడ్లీ గురించి అతని భార్యే దాడికి ముందు ఇస్లామాబాద్‌లోని అమెరికా ఎంబసీకి వెళ్లి చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. 2001లోనూ అంతే. 9/11 హైజాకర్లలో ఒకడైన అల్ మిహ్దార్‌కి అమెరికా వీసా ఉందని సీఐఏకి 2000 జనవరికే తెలుసు, వాచ్‌లిస్టులో పేరు ఎక్కింది 2001 ఆగస్టు చివర్లో. మూడు వారాలకి విమానం హైజాక్ చేశాడు.

లెక్కలపంతులు:
మొగుడూ పెళ్లాల గొడవ అనుకుని ఉంటారు. అలాంటి ఫిర్యాదులు ఎన్ని వస్తాయో!

నీలాంబరి:
నేనూ అదే అంటున్నా. ఆడది చెబితే గొడవ కిందే లెక్క.

రైలుబండి:
చదువుతున్నా. కొట్టుకోండి.

పాతకాపు:
నన్నడిగితే అసలు ఫైలు మూయకూడదు. ఒకసారి అనుమానం వచ్చిందా, చచ్చేదాకా వాడి పేరు జాబితాలో ఉండాల్సిందే. పంతులుగారికి వాళ్ల మీద అంత జాలి ఎందుకో మాత్రం అర్థం కావడం లేదు.

లెక్కలపంతులు:
ఎందుకో చెప్తా విను. నా పేరున్నవాడు ఇంకెవడో ఏదో జాబితాలో ఉన్నాడు. ఏ దేశంలో దిగినా పాస్‌పోర్టు స్కాన్ చేసిన మనిషి స్క్రీన్ వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, పక్క గదిలోకి తీసుకెళ్తాడు. తండ్రి పేరు, తాత పేరు, ఎక్కడ చదివావు, ఎవరు తెలుసు. వెళ్లిన ప్రతిసారీ అవే ప్రశ్నలు. బయట నా కూతురు సామాన్లు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ పేరుతో నాకు సంబంధం లేదని ఎవరికి రాయాలో కూడా ఎవరూ చెప్పరు. ఇప్పుడు చెప్పు, చచ్చేదాకా ఉండాలా?

పాతకాపు:
మీకు జరిగింది దారుణం. కానీ అదీ వాళ్ల చేతకానితనమే. 2013లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేల్చిన టామెర్లాన్ గురించి రష్యా 2011లోనే హెచ్చరించింది. జాబితాలో ఎక్కించినప్పుడు పేరులో అక్షరాలు మార్చేశారు, పుట్టిన తేదీ తప్పు వేశారు. 2012లో వాడు రష్యా వెళ్లి ఆరు నెలలుండి తిరిగొస్తే ఎవరూ ఆపలేదు. వాడికి తగలాల్సిన వల మీకు తగిలింది.

లెక్కలపంతులు:
చేతకానివాళ్లని నువ్వే అంటున్నావు. ఇంకో 20,000 పేర్లు వాళ్ల చేతిలోనే పెట్టమనీ నువ్వే అంటున్నావు.

పాతకాపు:
అవును, అంటున్నా. మాంచెస్టర్‌లో పోయినవాళ్లలో ఎనిమిదేళ్ల పాప ఉంది. మీరు గదిలో కూర్చున్నది ఓ గంట.

లెక్కలపంతులు:
గంటేనని నీకెవరు చెప్పారు?