"సముద్రపు నీటికుక్క" అంటే పునరుక్తా?

పిల్లల కోసం సీ ఆటర్ అనే సముద్ర జంతువు మీద ఒక పాఠం రాస్తూ, దానికి "సముద్రపు నీటికుక్క" అని పేరు పెట్టాను. చదివిన ఇద్దరు మిత్రులు "సముద్రం అన్నాక మళ్లీ నీరు ఎందుకండీ, తీసేయండి" అన్నారు. ఆటర్‌ని హిందీలో ఊద్‌బిలావ్ అంటారు, బిలావ్ అంటే పిల్లి కాబట్టి "సముద్రపు పిల్లి" అంటే బాగుంటుందని ఒకరి సూచన. రెండు రోజులు ఆలోచించాను. నా మాట మార్చాలనిపించలేదు.

కొబ్బరినూనె అంటున్నాం కదా. నూనె అంటే నువ్వుల నెయ్యి. కొబ్బరిలో నువ్వులెక్కడివని ఎవరూ అడగరు. నీటికుక్క కూడా అలాగే అతుక్కుపోయిన మాట, విడదీసి చూడక్కర్లేదు. ఆ మాటకొస్తే ఇంగ్లిషు పేరులోనూ నీరు రెండుసార్లుంది. ఆటర్‌కీ సంస్కృతంలోని "ఉద్ర"కీ మూలం ఒకటే, నీటిజంతువు అని అర్థం. ఊద్‌బిలావ్‌లో ఊద్ కూడా ఆ ఉద్రే.

ఇక కుక్కా, పిల్లా అన్న సంగతి. తమిళులకు నీర్‌నాయ్, కన్నడిగులకు నీరునాయి, మనకు నీటికుక్క. నిజానికి ఇది రెండూ కాదు, వీజెల్ అనే సన్నటి, పొడుగాటి చిన్న వేటజంతువు కుటుంబానిది. కానీ మాంసాహార జంతువుల్లో కుక్క వైపు ఒక శాఖ, పిల్లి వైపు ఒక శాఖ ఉన్నాయి. వీజెల్ కుటుంబం కుక్క వైపుది. మన దక్షిణాది పేరే దగ్గరగా ఉందన్నమాట! పిల్లి పోలిక ఒక్కటుంది: ముందరి పాదాల గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి.

నాకు ఎక్కువ ఆనందం కలిగించిన మాట మాత్రం "చంక". సీ ఆటర్‌కి రెండు ముందుకాళ్ల కిందా చర్మం వదులుగా వేలాడుతూ సంచిలా ఉంటుంది. అడుగుకి మునిగి నత్తలో, సముద్రపు ముళ్లకాయలో (సీ అర్చిన్ అనే ముళ్ల జీవులు) ఏరి అందులో వేసుకుంటుంది. పైకొచ్చి వెల్లకిలా తేలుతూ, రాయిని పొట్ట మీద పెట్టుకుని ఆల్చిప్పను దానికేసి టపటపా కొడుతుంది. పని అయ్యాక రాయి మళ్లీ చంకలోకి. "పౌచ్" అని రాస్తే పిల్లలకు కంగారూ గుర్తొస్తుంది, అందులో పిల్ల ఉంటుందనుకుంటారు. ఇక్కడ పిల్ల ఉండేది తల్లి రొమ్ము మీద. అందుకే "చంకసంచి" అని రాశాను. మీకు నచ్చిందా?

వెనక పాదాలకి "తెడ్డుకాళ్లు" అన్నాను. వేళ్ల మధ్య చర్మం ఉంటుంది, చిటికెన వేలే అన్నిటికంటే పొడుగు.

నేను ఆగిపోయింది బొచ్చు దగ్గర. తిమింగలానికీ సీల్‌కీ ఉన్నట్టు దీనికి చర్మం కింద మందపాటి కొవ్వు లేదు. అలాస్కా, కాలిఫోర్నియా తీరాల చన్నీళ్లలో దీన్ని కాపాడేవి బొచ్చూ, తిండీ. రోజుకి తన బరువులో దాదాపు నాలుగో వంతు తింటుంది. మన తల మొత్తం మీద వెంట్రుకలు సుమారు లక్ష. దీనికి చిటికెన వేలి గోరంత చోటులోనే అంతకు మించి ఉంటాయి. ఆ బొచ్చు కోసమే 18వ శతాబ్దం నుంచి వేటాడి, 1911లో వేటను అరికట్టే ఒప్పందం కుదిరేసరికి ఒకటి రెండు వేలు మాత్రమే మిగిల్చారు.

ఆ బొచ్చులో రెండు వరసలు. లోపల ఒత్తుగా, మెత్తగా ఉండేది గాలిని పట్టి ఉంచి, చర్మాన్ని తడవనివ్వదు. పైన పొడవాటి గట్టి వెంట్రుకలు. ప్రస్తుతానికి "లోబొచ్చు", "పైబొచ్చు" అని రాసి పెట్టుకున్నాను. గొర్రెలు కాసే ఇళ్లలో, కంబళ్లు నేసే ఇళ్లలో ఈ రెండిటికీ వేరువేరు మాటలు ఉంటే దయచేసి చెప్పండి. ఏ ఊళ్లో విన్నారో కూడా రాయండి.