రేడియోలో మాట్లాడేవాడు దీక్షకు కూర్చోవచ్చా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
జో మాడిసన్ గురించి రెండు రోజులుగా చదువుతున్నాను. అమెరికాలో పేరున్న నల్లజాతి టాక్ షో హోస్ట్. రేడియోకి రాకముందే, 24 ఏళ్లకే, నల్లజాతివారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ డెట్రాయిట్ శాఖను నడిపారు. ఎవరైనా ఫోన్ చేసి గోడు చెప్పుకుంటే అంతా విని, "మరి దీనికి మీరేం చేయబోతున్నారు?" అని అడిగేవారు. 2015లో నల్లజాతి చరిత్ర మ్యూజియానికి విరాళాల కోసం 52 గంటలు ఏకబిగిన రేడియోలో మాట్లాడారు. 2021 నవంబరులో, 72 ఏళ్ల వయసులో, ఓటు హక్కు బిల్లు కోసం దీక్ష మొదలుపెట్టి 73 రోజులు చేశారు. 2024 జనవరి 31న పోయారు.
మైకు ముందు కూర్చునే మనిషి ఉద్యమంలోకి దిగవచ్చా? దిగాలనే నేనంటాను. మీరేమంటారు?

పాతరేడియో (బరంపురం):
కూడదు. మా నాన్నగారు రేడియోలో 26 ఏళ్లు అనౌన్సర్. డ్యూటీ రోజు పెరుగు ముట్టేవారు కాదు, గొంతు పాడవుతుందని. కాగితాలు తిప్పితే చప్పుడు వస్తుందని బల్ల మీద చేతిరుమాలు పరిచి దాని మీద పెట్టుకుని చదివేవారు. ఎవరికి ఓటు వేశారో మా అమ్మకు కూడా చెప్పలేదు. అందుకే అన్ని పార్టీలవాళ్లూ ఆయన గొంతు నమ్మారు. దీక్షకు కూర్చుంటే సగంమంది ఆ రోజే రేడియో కట్టేసేవారు.

నాగావళి (రాయగడ):
73 రోజులేమిటండీ? పొట్టి శ్రీరాములు గారు 1952లో 58 రోజులకు ప్రాణం వదిలారు. ఈయన మానేసింది ఘనాహారం మాత్రమే. దాన్ని నిరాహారదీక్ష అనకండి.

మహేంద్రతనయ:
నాగావళి గారూ, ఇద్దర్నీ పోటీ పెట్టలేదు నేను.
పాతరేడియో గారూ, మీ నాన్నగారిది ప్రభుత్వ ఉద్యోగం, ఆ నియమం వేరు. కానీ గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టే 1995లో చెప్పింది. ప్రజల ఆస్తి మీద ప్రజల బాధ మాట్లాడితే తప్పేమిటి?

నాగావళి:
పోటీ కాదు, మాట సరిగా వాడమంటున్నాను.

వంశధార (గుణుపురం):
ఇంతకీ ఆ బిల్లు పాసయిందా?

మహేంద్రతనయ:
లేదమ్మా. 2022 జనవరిలో సెనేట్‌లో ఆగిపోయింది. ఆ తర్వాతే దీక్ష విరమించారు.

పాతరేడియో:
చూశారా? బిల్లూ రాలేదు, ఒళ్లూ గుల్లయింది.

వంశధార:
ఇక నేను చెప్పక తప్పదు. ఏడాదిన్నర ఒక కమ్యూనిటీ రేడియోలో వారానికో గంట మాట్లాడాను. ఒకసారి ఒక తల్లి ఫోన్ చేసింది. బళ్లో తెలుగు మాస్టారు రిటైరయ్యారు, కొత్తవారు రాలేదు, పాప ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గానీ తన పేరు తెలుగులో రాయలేదు, అర్జీ ఎక్కడివ్వాలి అని అడిగింది. చెప్పాను. నేనూ వస్తానన్నాను. వెళ్లి, అర్జీలో మూడో సంతకం నేనే పెట్టాను. మరుసటి వారం నా కార్యక్రమం లేదు. రాజకీయం మాట్లాడానట. తెలుగు మాస్టారు కావాలనడం రాజకీయమా?

పాతరేడియో:
కోపం తెచ్చుకోవద్దమ్మా. కమ్యూనిటీ రేడియోలో రాజకీయ విషయాలు కూడవని నిబంధన ఉంది కదా. దారి చెప్పి ఊరుకోవలసింది, సంతకం ఎందుకు? ఒడియావాళ్ల మధ్య ఉంటున్నాం. నలుగురితో సర్దుకుపోవాలి.

వంశధార:
ఉంటున్నాం అంటే ఏమిటండీ, అద్దెకున్నామా? మా మామగారి తాత కట్టిన ఇల్లిది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేనాటికే ఈ గోడలున్నాయి. మా పక్కింటి ఒడియా పిన్నిగారు నా పెద్దపాపకు పురుడు పోశారు. ఆవిడతో నాకు ఏ పేచీ లేదు. నా పిల్లకు అక్షరాలు కావాలంటే ఆవిడకు కోపమొస్తుందని మీకెవరు చెప్పారు?

పాతరేడియో:
ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్లారా చూశాను. నా పదేళ్ల వయసులో మా పెదనాన్న బట్టల కొట్టు మీద తెలుగు బోర్డు పీకేశారు. ఆ మేకుల గుర్తులు చాలా ఏళ్లు అలాగే ఉండేవి. మర్నాడు నాన్నగారు ఏమీ జరగనట్టు డ్యూటీకి వెళ్లారు. ఆయన అలా నోరు కట్టుకోబట్టే మేం నలుగురం చదువుకున్నాం. మీరంతా దాన్ని పిరికితనం అంటుంటే వినలేకపోతున్నాను.

మహేంద్రతనయ:
ఆ మాట ఎవరూ అనలేదు మాస్టారూ. మీ మనసులో ఇది ఉందని తెలియక వాదించాను, క్షమించండి.
ఒక్క విషయం. గిడుగు రామ్మూర్తి పంతులుగారు మా ఊళ్లో పాఠాలు చెప్పుకున్న మాస్టారే. ఆ బడిపంతులే వాడుక భాష కోసం పోరాడారు, సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకు పుస్తకాలు రాశారు. పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. మనం ఉండిపోయాం. ఉండిపోయినవాళ్లం నోరు విప్పకపోతే మన పిల్లల తరఫున ఎవరు మాట్లాడతారు?

నాగావళి:
మాట్లాడాలి. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. దీక్ష సంగతి మాత్రం వేరు.

వంశధార:
పాతరేడియో గారూ, గట్టిగా అన్నాను, ఏమీ అనుకోకండి. అర్జీ మళ్లీ పెడుతున్నాం, ఈసారి ఒడియాలో. నా ఒడియా మాట్లాడ్డం వరకే. చూసిపెడతారా?

పాతరేడియో:
పంపమ్మా. తప్పులు దిద్ది రాత్రికల్లా ఇస్తాను. సంతకం మాత్రం అడగకు.